చౌకీదారు పురుగుల ఇసుక

ఇసుక రేణువుకి బరువునీ, ఆ రేణువు కింద తలదాచుకునే ప్రాణికి ఆకలినీ, ఆ ఆకలికి తగిన ఆహారాన్నీ ఎవరూ అడగకముందే ఏర్పాటు చేసిన ఆ ఒక్కడికే నా మొదటి మాట. తేనెటీగ పేరునీ, చీమ పేరునీ, సాలీడు పేరునీ తన గ్రంథంలోని అధ్యాయాలకు పెట్టి, చిన్న ప్రాణుల్ని చిన్నచూపు చూడొద్దని మనకు నేర్పిన ఆ కరుణామయుడికే నా పొగడ్త. ఆయన ఇచ్చిన కంటిచూపు ఈమధ్య మసకబారుతున్నా, ఆయన ఇచ్చిన జ్ఞాపకం ఇంకా తేటగానే ఉంది. నేను రాసేదానిలో మంచి ఉంటే ఆయనది, పొరపాటుంటే నాది.

మా అమ్మాయి పనిచేసే కాలేజీలోనే సుజాత గారు జంతుశాస్త్రం చెబుతారు. వాళ్ళది బందరు వైపు సముద్రపు ఒడ్డున ఒక ఊరు. భర్త ఉద్యోగం వల్ల యాప్రాల్‌లో స్థిరపడ్డారు. ఒక ఆదివారం నాగారంలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. బగారా అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఫోన్‌లో ఒక ఫొటో తీసి మా అమ్మాయికి చూపిస్తున్నారు. శామీర్‌పేట్ దాటాక ఏదో చెరువు గట్టు మీద నడుస్తుంటే కనపడిందట. నేను కళ్ళజోడు సరిచేసుకుని తొంగి చూశాను. పొడుగు కాళ్ళు, ఉబ్బెత్తు కళ్ళు, గోధుమరంగు వీపు మీద సున్నంతో గీసినట్టు తెల్లటి వంకర గీతలు. "ఇది మా చౌకీదారు" అన్నాను. ఆమె నా వైపు తిరిగారు. "మీకు దీని పేరు తెలుసా ఆంటీ? మేమంతా టైగర్ బీటిల్ అనే అంటామండి. ఊళ్ళో దీనికో పేరుందని ఎవరూ చెప్పలేదు." ఊళ్ళో లేదు, మా ఇంట్లోనే ఉంది అన్నాను. అక్కడ మొదలైంది. ఏ చెరువని అడిగితే తెలిసింది, ఆ ఫొటో తీసిన చెరువు మా పుట్టింటి చెరువే.

మేడ్చల్ వైపు తిరిగే దారిలో మా ఊరు. ఊళ్ళో మా వాళ్ళవి కొన్ని ఇళ్ళే. ఇంట్లో దక్కనీ, తెలుగూ ఒకే పళ్ళెంలో కలుపుకుని తినేవాళ్ళం. వాగు వచ్చి చెరువులో కలిసేచోట పొడుగ్గా ఒక ఇసుక మేట ఉండేది. అది మా పట్టా భూమి చివర. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గితే మా అబ్బా, అంటే నాన్న, అందులో ఒక భాగం చదును చేసి దోసగింజలు, ఖర్బూజా గింజలు పెట్టేవాడు. మిగతా భాగంలో గడ్డి కూడా మొలిచేది కాదు. పైన పొడిగా, వేలు గుచ్చితే లోపల తడిగా ఉండే ఇసుక. పొద్దున్నే అక్కడికి వెళితే తడి మట్టి వాసన, పండిన ఖర్బూజా వాసన, పక్కన కట్టేసిన మేకల వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ సంతలో ఖర్బూజా కొని ముక్కుకి ఆనించుకుంటే మేకల వాసన లేదని వెలితిగా ఉంటుంది.

మా దాదీమాకి, అంటే నాన్నమ్మకి, కాళ్ళమీద పుండ్లు ఉండేవి. ఎన్ని మందులు రాసినా మానలేదు. నీళ్ళు తగిలితే చీము పట్టేది. అందుకని నమాజుకి ముందు ఆమె నీళ్ళతో వజూ చేసేది కాదు, తయమ్ముమ్ చేసేది. నీళ్ళు దొరకనప్పుడో, జబ్బువల్ల వాడకూడనప్పుడో శుభ్రమైన మట్టి మీద అరచేతులు ఆనించి ముఖమూ చేతులూ తుడుచుకుంటే చాలని మా ధర్మం ఇచ్చిన వెసులుబాటు అది. దాదీమా మంచం పక్కన వెడల్పాటి మట్టి మూకుడు ఉండేది. దానినిండా ఆ మేట మీది ఇసుక. ఇంట్లో మట్టి దొరకదా అంటే దొరుకుతుంది. కానీ కోళ్ళు తిరిగిన మట్టి, పిల్లలు ఉచ్చపోసిన మట్టి ఆమెకి పనికిరాదు. వాగు కడిగి, ఎండ ఆరబెట్టిన ఇసుకే కావాలి. ప్రతి శుక్రవారం పాత ఇసుక జామచెట్టు మొదట్లో పోసి, కొత్త ఇసుక తేవడం నా పని.

ఒకసారి నేను తెచ్చిన ఇసుకలో ఏదో కదిలింది. దాదీమా అరచేతులు ఆనించబోయి ఆగింది. తెల్లటి పురుగు, వీపు మీద మూపురం లాంటి బుడిపె, మొహమంతా దవడలే. నేను చెప్పు తీశాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"యాడికెళ్ళి తెచ్చినవ్ బేటీ గీ ఇసుక?"

"ఆడికెళ్ళే. నీళ్ళ పక్కకెళ్ళి."

"బొక్కలున్న కాడ తవ్వినవా?"

సన్నగా, గుండ్రంగా, సూదితో పొడిచినట్టున్న బొక్కలు అక్కడ ఎప్పుడూ ఉండేవి. చీమలవనుకుని నేను లెక్కచేయలేదు. "తవ్విన" అన్నాను.

"చౌకీదారు పిల్ల గిది. దాని ఇల్లు తవ్వుకొచ్చి నా ముందల వెట్టినవ్. ఒగని ఇల్లు కూలగొట్టిన మన్నుతోని నేను పాక్ అయితనా? పో, ఇచ్చి రా."

"ఎండ గొడుతాంది దాదీమా. సాయంత్రం పోత."

"సాయంత్రందాంక నా నమాజ్ ఆపమంటవా, దాని పానం ఆపమంటవా? రెండిట్ల ఏది నీ చేతులుంది జెప్పు."

తలమీద దుపట్టా వేసుకుని, మూకుడు పట్టుకుని, గొణుక్కుంటూ వెళ్ళాను. ఆ పురుగుని ఇసుక మీద వదిలాను. అది కాసేపు అటూ ఇటూ పొర్లి, తలతో మట్టి ఎగదోస్తూ లోపలికి దిగడం మొదలెట్టింది. నేను ఎండ మరిచిపోయి కూర్చున్నాను. ఆ రోజు మొదలు శుక్రవారం పని నాకు ఆటయింది. ఆ పురుగుపిల్లలు తమ తలనే మూతలా బొక్కకి అడ్డంపెట్టి కూర్చుంటాయి. చీమ దగ్గరికొస్తే చటుక్కున పట్టి లోపలికి లాగేస్తాయి. మన నీడ పడితే మూత మాయమై నల్లటి బొక్క మిగులుతుంది. ఇక పెద్ద పురుగులు తడి ఇసుక మీద పరిగెత్తి, ఠక్కున ఆగి, మళ్ళీ పరిగెత్తేవి. మనం దగ్గరికెళితే ఎగిరి కొంచెం దూరంలో వాలి, తిరిగి మన మొహంకేసి చూస్తూ నిలబడేవి. "ఎవరు నువ్వు, ఏం పని" అని అడుగుతున్నట్టు. అందుకే దాదీమా వాటికి చౌకీదారు అని పేరు పెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో అందరికీ అదే పేరు.

దాదీమా చదివింది గ్రంథం ఒక్కటే. అదీ అక్షరాలు కూడబలుక్కుంటూ. నాకు అలీఫ్, బే నేర్పింది ఆమే. జొన్నరొట్టె కాలుస్తూ వల్లె వేయించేది, తప్పు చదివితే రొట్టె తిరగేసే కట్టెతో నేలమీద ఒక్కటి కొట్టేది. దెబ్బ నేలకే, నాకు కాదు. ఉచ్చారణలో ఆమె పట్టుదల, ఇసుక విషయంలో పట్టుదల రెండూ ఒకటేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒక ఏడు వానలు ఎగ్గొట్టాయి. చెరువు నడుమ పగుళ్ళు వచ్చాయి. వాన కోసం నమాజు చదవాలని జమాత్ అంతా నిర్ణయించింది. ఆ నమాజుకి కొత్త బట్టలు కట్టరు. పాత బట్టలతో, తల వంచుకుని, ఊరి బయటికి వెళతారు. ముసలివాళ్ళనీ, పిల్లల్నీ, పశువుల్నీ వెంట తీసుకెళతారు. మన మొహాలు చూసి కాకపోయినా నోరులేని వాటి మొహాలు చూసైనా కరుణిస్తాడని. మగవాళ్ళు ఆ ఇసుక మేట మీద వరుసలు కట్టారు. ఆడవాళ్ళం మేకల్ని పట్టుకుని గట్టు మీద కూర్చున్నాం. దాదీమాని అబ్బా వీపు మీద మోసుకొచ్చాడు. సజ్దాకి అందరూ వంగారు. వరుసలో అబ్బా ఒక్కడే సగంలో ఆగిపోయాడు. మోకాళ్ళ మీద ఉన్నాడు, నుదురు నేలకి ఆనలేదు. గట్టు మీంచి చూస్తున్న మేము నడుం పట్టేసిందేమోనని లేచి నిలబడ్డాం. కాసేపటికి ఆయన కూడా వంగాడు.

తిరిగొచ్చేటప్పుడు మా చిన్నాన్న నవ్వుతూనే ఉన్నాడు. "అన్నా, సజ్దాల బ్రేక్ వేసినవేంది? అల్లా మీద కోపమొచ్చిందా?"

"నా తలకాయ వెట్టే జాగల చౌకీదారు నిలబడ్డడు" అన్నాడు అబ్బా. "లెవ్వమంటె లెవ్వకపాయె. వానకోసం వాణ్ణి గూడ తీస్కొచ్చినం గద, నలిపి ఎట్ల అడుగుత?"

"మరి వాడేమన్నడు?"

"వానిది అయిపోయినంక నన్ను కానిమ్మన్నడు."

అంతా నవ్వారు. దాదీమా నవ్వలేదు. కొడుకు భుజం నిమిరింది. వాన ఎప్పుడు పడిందో నాకు సరిగా గుర్తులేదు. పడే ఉంటుంది, మేమంతా బతికే ఉన్నాం కదా.

సుజాత గారిని వెంటబెట్టుకుని వెళ్ళేనాటికి నేను ఆ మేట మీద అడుగుపెట్టి ఎన్నో ఏళ్ళయింది. దారంతా వెంచర్లు, హద్దురాళ్ళు, ప్రహరీ గోడలు. చెరువుకి అటువైపు ఒడ్డంతా రాయి పేర్చి నడకదారి వేశారు. మా వైపు ఒక్కటే ఇసుక మిగిలింది, అది మా పట్టా కాబట్టి. సుజాత గారు చెప్పులు విప్పి, ఇసుక మీద మోకాళ్ళూని కూర్చుని, బొక్కల్ని చూశారు.

"మా ఊళ్ళో ఉండేవి వీటికి దాయాదులండి" అన్నారు. "ముత్యం రంగులో ఉండేవి, సముద్రపు ఇసుకలో కలిసిపోయేవి. కదిలితేగానీ కనపడేవి కావు. నేను చదువుకునేటప్పుడు వాటి వెంటే తిరిగాను. తరవాత ఒడ్డున రిసార్టు వచ్చింది. ఇసుక మీద జీపులు తిప్పారు. పిల్లపురుగులు ఏడాదికి పైనే బొక్కలో ఉంటాయండి. పైనుంచి చక్రం వెళితే పూడిపోతాయి. రాత్రిళ్ళు లైట్లు పెట్టారు. పెద్దవి ఆ లైట్లకి వచ్చి చచ్చిపోయేవి. మా పిల్లలకి చూపిద్దామని తీసుకెళితే ఒక్కటీ లేదు."

"వేరే చోటికి పోయినయేమో" అన్నాను, ఆమెని ఊరడించడానికి.

"ఎక్కడికి వెళతాయి ఆంటీ? వీటికి నీటి పక్కన బోడి ఇసుకే కావాలి. గడ్డి మొలిచినా ఉండవు, ఎండినా ఉండవు. పులికైతే అడవంటూ ఒకటి రాసిపెట్టారు. వీటికి ఎవరేం రాసిపెట్టారు? మీరు మాత్రం దీన్ని ఇలాగే ఉంచండి. అంతకంటే ఏం చెయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యకపోతే చాలండి."

ఏమీ చెయ్యకపోతే చాలు. ఎంత తేలికైన కోరిక అనుకున్నాను. దారిలోనే తమ్ముడు జహీర్ ఇంటికి వెళ్ళాం. ఆ భూమి ఇప్పుడు వాడిదే. చాయ్ ఇచ్చి, సుజాత గారిని కుర్చీలో కూర్చోబెట్టి, నా పక్కన మంచం మీద కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఆపా, మంచిగొచ్చినవ్. నేనే ఫోన్ జేద్దామనుకుంటున్న. వాగు కాడి జాగ ఉంది గద, అండ్ల దాదీమా పేరు మీద నమాజ్ జాగ కట్టిస్తున్న. టైల్స్, వజూ నల్లాలు, లైట్లు. కాలనీలు పెరిగి ఈద్ నాడు జనం రోడ్డు మీద నిలబడుతున్నరు. ముసలోళ్ళకు మోకాళ్ళు ఇసుకల దిగవడుతున్నయ్."

చనిపోయినవాళ్ళ పేరు మీద ఆగకుండా సాగే దానం చేయడం మా దగ్గర చాలా గొప్ప పని. బావి తవ్విస్తారు, చెట్టు నాటిస్తారు, నమాజుకి చోటు కట్టిస్తారు. అక్కడ ఎవరు నుదురు ఆనించినా దాని పుణ్యంలో కొంత సమాధిలో ఉన్నవాళ్ళకి చేరుతుందని మా నమ్మకం. నాదీ అదే నమ్మకం. నేను చాయ్ కప్పు కింద పెట్టాను. సుజాత గారు నా వైపే చూస్తున్నారు.

"జహీర్, అక్కడ చౌకీదారు పురుగులున్నయ్ రా" అన్నాను.

"ఇంక ఉన్నయా గవి?" వాడు నిజంగానే సంతోషపడ్డాడు. "చిన్నప్పుడు గడ్డిపోచ వెట్టి గుంజుతుంటిమి."

"దాదీమా ఆ బొక్కలున్న చోట ఇసుక కూడా తియ్యనిచ్చేది కాదు. ఆమె పేరు మీద దాన్నే పూడ్చేస్తే ఎట్ల? వెనక మెట్ట చెలక ఉంది కదా, అందులో కట్టించు."

"చెలక పిల్లలిద్దరికి రాసిచ్చేసిన ఆపా. గీ ముక్కొకటే నా చేతులుంది. దాదీమాకు ఇసుక యాడికెళ్ళి తెస్తుంటిమో ఆడనే కడ్తున్న. సమాధిల ఉన్న ఆమె రూహ్ ఎంత ఖుష్ అయితది చెప్పు. పురుగుల కోసమని నమాజ్ జాగ ఆపమంటవా? చిన్నప్పుడు అలీఫ్, బే సబక్ మాకు జెప్పినదానివి నువ్వే."

సుజాత గారు మెల్లగా తాను చెప్పాల్సింది చెప్పారు. వాడు చేతులు కట్టుకుని, మధ్యలో అడ్డురాకుండా, మర్యాదగా విన్నాడు. "మేడం గారు గింత దూరం వచ్చి అడిగిన్రు. ఒక మూల ఇడిసిపెడ్త. నీళ్ళ పక్క మూల. చుట్టు జాలీ కంచె కొట్టిస్త, ఎవ్వరు తొక్కకుంట. ఖుషేనా ఆపా?" అన్నాడు. నేను వాడి తల నిమిరాను. కారులో సుజాత గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ మూలలోనే ఎక్కువ బొక్కలున్నాయని, అది చాలని అన్నారు.

మసీదు కమిటీ పెద్దల దగ్గరికి నేను వెళ్ళలేదు. వెళ్ళి ఏమని అడుగుతాను? వాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. జబ్బుపడితే ఇంటికొచ్చి దువా చేసేవాళ్ళు, శవాన్ని మోసేవాళ్ళు. మోకాళ్ళు నొప్పెట్టే ముసలాయనకి చదును నేల వద్దని నేను అనగలనా? గోడ కట్టి ప్లాట్లు అమ్మేవాడితో అయితే పోట్లాడవచ్చు. నమాజు చదివేవాళ్ళతో ఎట్లా పోట్లాడను?

పని అయ్యాక జహీర్ ముందుగా నన్నే తీసుకెళ్ళి చూపించాడు. తెల్లటి టైల్స్, వరుసగా గీతలు, నల్లాలు, నాలుగు వైపులా దీపస్తంభాలు. నల్లరాయి మీద దాదీమా పేరు ఉర్దూలోనూ తెలుగులోనూ చెక్కించాడు. తరవాత నా చెయ్యి పట్టుకుని నీటి పక్క మూలకి నడిపించాడు. మాట తప్పలేదు. చుట్టూ పచ్చరంగు జాలీ వేశాడు. లోపల ఒత్తుగా గడ్డి పరిపించాడు, పైపు పెట్టి నీళ్ళు పట్టించాడు. మధ్యలో గులాబీ మొక్కలు, బంతి మొక్కలు.

"ఎర్రమట్టి తెప్పించి పోయించిన ఆపా" అన్నాడు. "ఉత్త ఇసుకల ఏముంటది పాపం, తినేటందుకు? ఇగ మస్తుగుంటయ్."

నేను వాడి మొహం చూశాను. ఒక పురుగు కోసం కూడా ఖర్చుకి వెనకాడని మనిషికి, నీ ప్రేమే దాన్ని చంపిందని ఎట్లా చెప్పను? "బాగుంది" అన్నాను. వాడు పైపు అందుకుని గులాబీలకి ఇంకొంచెం నీళ్ళు కొట్టాడు.

ప్రారంభం రోజు సాయంత్రపు అసర్ నమాజు. ఆడవాళ్ళకి పక్కన పరదా కట్టారు. సుజాత గారిని నేనే పిలిచాను. ఆమె తలమీద కొంగు కప్పుకుని, పరదాకి ఇవతల, చెప్పులు విడిచే చోట కూర్చున్నారు. నమాజు చాలా శాంతంగా జరిగింది. ఏళ్ళుగా కుర్చీలో చదివే మా మేనత్త ఆ రోజు నేలమీద కూర్చుని చదవగలిగింది. ఆమె ఆనందం చూసి నాకూ ఆనందమైంది, అది అబద్ధం కాదు. సలాం తిప్పి నమాజు ముగించి బయటికి వచ్చేసరికి సుజాత గారు టైల్స్ అంచున వంగి ఏదో చూస్తున్నారు.

ఒక పెద్ద పురుగు. ఎక్కడినుంచి వచ్చిందో. పరిగెత్తి ఆగింది. ఆగి, పొట్ట చివర కిందికి వంచి టైల్‌కి ఆనించింది. ఒత్తింది. మళ్ళీ కొంచెం పరిగెత్తి, ఇంకో టైల్ మీద మళ్ళీ వంచి ఒత్తింది.

"ఏం చేస్తోంది?" అన్నాను.

"ఆడదండి. గుడ్లు పెట్టాలి. మట్టి కోసం చూస్తోంది." సుజాత గారి గొంతు మామూలుగానే ఉంది. "పుట్టిన చోటికే వచ్చింది."

టైల్స్ మధ్య సందుల్లో సిమెంటు. అక్కడా ఒత్తి చూసింది. అందరికీ పంచుతున్న షీర్ ఖుర్మా పాయసం గ్లాసులు పట్టుకుని జనం దాన్ని దాటి వెళుతున్నారు, చూసుకోకుండానే తొక్కకుండా. జహీర్ మా దగ్గరికొచ్చి, "అగో, జూసినవా ఆపా, యాడికి పోలే, ఈడనే ఉన్నయ్" అని సంబరపడి, మాకు చెరో గ్లాసు ఇచ్చి వెళ్ళాడు. చేతుల్లోకి తీసుకుని ఎక్కడికైనా చేరుద్దామా అని సుజాత గారిని అడిగాను. చుట్టూ చూశారు. రాతి కట్టడం, గడ్డి, ఎర్రమట్టి, నీళ్ళు. "ఎక్కడికండి?" అన్నారు. ఎండ వాలేదాకా అది అట్లాగే ఒక్కొక్క టైల్ దగ్గరా ఆగుతూ ఉంది.

ఇది చదివే మీరు దేవుణ్ణి ఏ పేరుతో పిలుస్తారో నాకు తెలియదు. మీ పిల్లల కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం, దూరమైనవాళ్ళ కోసం అడగవలసింది అడిగాక, ఇంకా చేతులు దించకముందు, ఒక మాట కలపండి. మా తమ్ముడి దానాన్ని స్వీకరించమని, మా దాదీమా సమాధిలో వెలుగు నింపమని. అట్లాగే ఆ ప్రాణికి ఈ భూమి మీద ఎక్కడో ఒకచోట, నీటి పక్కన, గడ్డి మొలవని కాస్త తడి ఇసుక చూపించమని. ఈ రెండు కోరికలూ ఒకే నోటితో అడగడానికి రోజూ కూర్చుంటున్నాను. మొదటిది పూర్తికాకముందే నా గొంతులో జహీర్ మీద కోపం వచ్చి చేరుతోంది, దువా అక్కడే ఆగిపోతోంది. మీకు వాడు తమ్ముడు కాడు. మీరు అడగండి, నేను ఆమీన్ అంటాను.